పద్దు మన పేర, పెత్తనం ఎవరిది?

'మన వాడకు గ్రాంటు వచ్చిందంట' అని ఎవరైనా అంటే మనోళ్ళు ముందు అడిగేది 'ఎవరిచ్చారు?' అని. ఎమ్మెల్యే ఇచ్చాడా, కలెక్టరు ఇచ్చాడా, సంస్థోళ్ళు ఇచ్చారా? ఇక దండ, శిలాఫలకం, ఫొటో. మన వాటా మన చేతిలో పెట్టడానికి దండలెందుకు?

దళిత సోదర సోదరీమణులారా, సబ్ ప్లాన్ సంగతి మాట్లాడుకుందాం. జనాభాలో మనమెంత శాతమో ప్రణాళికా ఖర్చులో అంత శాతం మనకు దక్కాలని 1979లో కేంద్రం స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ తెచ్చింది. చట్టం లేదు గనుక ముప్పై ఏళ్ళు అది కాగితాల్లోనే బతికింది. 2010 కామన్వెల్త్ క్రీడల ఖర్చుకు ఢిల్లీలో మన పద్దు నుంచి వందల కోట్లు మళ్ళించారు. అది తప్పేనని నాటి కేంద్ర హోంమంత్రి రాజ్యసభలో ఒప్పుకున్నాడు. ఆటలు వాళ్ళవి, సొమ్ము మనది!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చట్టం వచ్చిందంటే అది ఎవరి దయా కాదు. సంఘాలు రోడ్డెక్కాయి, కాకి మాధవరావు లాంటి రిటైర్డ్ అధికారులు తోడు నిలిచారు. అయినా ఆ చట్టానికి పదేళ్ళ గడువు పెట్టారు. అంటరానితనానికి లేని గడువు మన వాటాకెందుకో ఏలినవారు చెప్పలేదు. 2023లో ఆర్డినెన్సుతో ఇంకో పదేళ్ళు పొడిగించారు. తెలంగాణ 2017లో వేరే చట్టం చేసుకుని, మిగిలిపోయిన సొమ్మును మరుసటి ఏటికి కలపాలని రాసుకుంది.

అసలు కిటుకు వేరే చోట ఉంది. అందరూ వాడే పెద్ద పనుల్లో, విడదీసి చూపలేని ఖర్చులో, కొంత భాగం ఎస్సీలకే పెట్టినట్టు 'భావించవచ్చు' అని 2013 చట్టంలోనే ఉంది. పెట్టనక్కర్లేదు, భావిస్తే చాలు! కర్ణాటక చట్టంలోనూ ఇలాంటి క్లాజే ఉండేది, 2023లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేసిన ఏడాదే గ్యారంటీ పథకాలకు మన పద్దు నుంచి వేల కోట్లు కేటాయించారు. ఆంధ్రలో అమ్మఒడి డబ్బునూ ఇట్లాగే మన పద్దులో రాశారు. అమ్మఒడి వద్దని మేమనడం లేదు. అందరి పిల్లలకూ ఇచ్చేది మన పిల్లలకూ ఇవ్వాల్సిందే. కానీ భూమి లేనోడికి భూమి, వాడకు దారి, మురుగు కాలువ, శవాన్ని పూడ్చుకోను జాగా కోసం పెట్టిన సొమ్ములోంచి దాన్ని తీయడమేంటి?

ఇది పాత రోగమే. 1932లో హరిజన సేవక్ సంఘ్ పెట్టినప్పుడు అధ్యక్షుడు బిర్లా. నిధి మన పేర, నడిపేది సవర్ణులు. అడిగితే, ఇది మా ప్రాయశ్చిత్తం, మేమే తీర్చుకోవాలి అన్నారు. ప్రాయశ్చిత్తం వాళ్ళదైతే ఆకలి ఎవరిది? బాబాసాహెబ్ 1945 నాటి పుస్తకంలో ఆ సంఘం లెక్కంతా విప్పిపెట్టాడు. నేటి చట్టం కింద కౌన్సిలుకు ముఖ్యమంత్రి అధ్యక్షుడు, జిల్లా కమిటీకి కలెక్టరు. వాడలో చెప్పులు కుట్టేవాడూ, కూలికి పోయే తల్లీ ఏ కుర్చీలో కూర్చుంటారు? ఏ పని ముందు కావాలో తేల్చే అధికారం వాడ సభకు లేనంతకాలం ఎంత కోటా ఇచ్చినా దాన్ని గ్రాంటనే అంటారు, మన చేత దండం పెట్టిస్తారు.

బడ్జెట్ పుస్తకాల్లో ఎస్సీ ఖర్చు పద్దుకు 789 అని నంబరుంది. దాన్ని ప్రతి యువకుడూ గుర్తుంచుకోవాలి. గ్రామసభలో లేచి అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మా వాడ పేర 789 కింద ఈ ఏడు ఏం రాశారు? వేశామన్న రోడ్డు మా గడపల దాకా వచ్చిందా, భూస్వామి పొలం గట్టున ఆగిందా? 'పైనుంచి రావాలి' అని ఆఫీసులో అంటే, ఆ పైన ఎవరో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం మాకు పంపితే వాడ పేరుతో సహా వచ్చే సంచికలో అచ్చువేస్తాం.