పైనుంచి చూసే కన్నుకు నేల మీది సాక్ష్యం

మేడారం జాతరలో పోలీసు డ్రోన్లు ఎగిరితే ఎవరూ ఆక్షేపించరు. లక్షల మంది ఒకచోట చేరినప్పుడు తొక్కిసలాటను ముందే పసిగట్టాలంటే పైనుంచి చూడక తప్పదు. 2023 జూలై వరదల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు హెలికాప్టర్ల కోసం జనం ఆకాశం వైపే ఎదురుచూశారు. ఆకాశం నుంచి చూసే కన్ను ప్రాణం నిలపగలదు. అయితే అదే కన్ను కొందరిని కాపాడవలసిన పౌరులుగా, మరికొందరిని కనిపెట్టి ఉండవలసిన అనుమానితులుగా చూస్తున్నది. ఈ తేడాను ఏ చట్టం నిర్ణయిస్తున్నది?

మేడారం నుంచి గోదావరి దాటితే వెంకటాపురం, వాజేడు మండలాలు. వాటి అంచున ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో కర్రెగుట్టలు. 2025 ఏప్రిల్ 21న అక్కడ మొదలైన భద్రతా బలగాల ఆపరేషన్ 21 రోజులు సాగింది. హెలికాప్టర్లనూ, డ్రోన్లనూ వినియోగించారు. 31 మంది మావోయిస్టులు మరణించారని అధికారులు ప్రకటించారు. సాయుధులను ఎదుర్కొనే అధికారం రాజ్యానికి ఉన్నదని ఒప్పుకొన్నా, ఆ గుట్టల చుట్టూ బతికే కోయ గూడేల సంగతి మిగిలే ఉంటుంది. అది తునికాకు కోసే కాలం. ఆకు మోపుతో అడవి దారిన నడిచే మనిషి పైనున్న కెమెరాకు ఎవరుగా కనిపిస్తాడు? ఆ దృశ్యాలను ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు? అయిదవ షెడ్యూలు ప్రాంతంలో నివసించే ఆ ప్రజలకు ఈ ప్రశ్నలు అడిగే వేదికే లేదు.

మనిషిని నేరం చేశాక కాక, పుట్టుకను బట్టి ముందే అనుమానించడం ఈ దేశంలో కొత్త కాదు. 1871 నాటి నేరస్త తెగల చట్టం కొన్ని కులాలను, తెగలను మొత్తంగా నేరస్తుల జాబితాలో చేర్చింది. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి పొందాలి. ఎరుకల కుటుంబాలను అలా నిలిపిన స్థావరమే నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం. ఆ చట్టం 1952లో రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. జైళ్లలో కుల వివక్షపై 2024 అక్టోబరు 3న తీర్పు చెబుతూ ఈ వారసత్వాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టవలసి వచ్చింది. పాత జాబితాను మనసులో ఉంచుకున్న వ్యవస్థ చేతికి కొత్త కెమెరా ఇస్తే, అది పాత అనుమానాన్నే మరింత ఎత్తు నుంచి చూస్తుంది.

ఇక చట్టం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ హక్కులో రాజ్యం జోక్యం చేసుకోవాలంటే అందుకు చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. కాని 2021 డ్రోన్ నియమాలు ప్రధానంగా రిజిస్ట్రేషన్, గగనతల మండలాలు, లైసెన్సుల గురించే మాట్లాడతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైతే, దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను పూర్తిగా మినహాయించే అధికారాన్ని 17వ సెక్షన్‌లో కేంద్రానికి ఇచ్చింది. పోలీసు డ్రోన్‌ను ప్రశ్నించదలచిన పౌరుడు పట్టుకోవడానికి స్పష్టమైన చట్టమంటూ లేదు.

మార్గం లేదా అంటే, ఆదివాసీలు పోరాడి సాధించుకున్న చట్టంలోనే ఉన్నది. అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రాన్ని హక్కుదారు చూపిన సాక్ష్యానికి తోడుగానే వాడాలని, ఇతర సాక్ష్యాలకు బదులుగా వాడరాదని చెప్పాయి. ఊరి పెద్దల వాంగ్మూలాన్నీ ఆ నియమాలు సాక్ష్యంగా గుర్తించాయి. అంటే పైనుంచి తీసిన బొమ్మ కన్నా నేల మీద బతికిన మనిషి మాట తక్కువ కాదు. పోడు దరఖాస్తుల పరిశీలనలో ఈ సూత్రానికి విలువ దక్కడం లేదన్నది ఆదివాసీ సంఘాలు చాలాకాలంగా చేస్తున్న ఫిర్యాదు. భూమి విషయంలో ఒప్పుకున్న ఈ సూత్రం మనిషి విషయంలో ఎందుకు వర్తించకూడదు?

అమెరికా అనుభవమూ చూడాలి. నల్లజాతివారే అధికసంఖ్యాకులైన బాల్టిమోర్ నగరాన్ని ఒక ప్రైవేటు కంపెనీ విమానాలతో పోలీసులు పైనుంచి చిత్రించారు. నల్లజాతీయుల సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. నగరవాసుల కదలికలను అలా నమోదు చేసి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2021లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. అక్కడ వర్ణం ఎక్కడ ఉన్నదో, ఇక్కడ కులం, తెగ అక్కడే ఉన్నాయి.

కనుక అడగవలసినవి నాలుగు. పోలీసు, అటవీ శాఖల డ్రోన్లకు శాసనసభ చట్టం చేయాలి. ఎక్కడ, ఎందుకు ఎగరేశారో నిర్ణీత గడువు తర్వాతనైనా బహిరంగపరచాలి. అవసరం తీరిన దృశ్యాలను చెరిపేయాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు జవాబు చెప్పాలి. దళితవాడ మీద, తండా మీద, గూడెం మీద ఎగిరిన గంటలెన్నో, సంపన్నుల కాలనీల మీద ఎగిరిన గంటలెన్నో లెక్క బయటపెడితే చాలు, ఆకాశానికి కులం ఉన్నదో లేదో తేలిపోతుంది. ఆ లెక్క అడిగే హక్కు వరంగల్ విద్యార్థికీ ఉన్నది, కర్రెగుట్టల కింద తునికాకు కోసే కూలికీ ఉన్నది.