పరీక్షించవలసింది పరికరాన్ని, ఉద్యోగిని కాదు

కౌంటరుపై కొత్త కంప్యూటర్ వ్యవస్థ తడబడిన ప్రతిసారీ అధికారుల నోట ఒకే మాట వినవస్తుంది: “వ్యవస్థలో లోపం లేదు, ఉద్యోగులకే శిక్షణ చాలలేదు.” ఈ వాదనను మేము తిరస్కరిస్తున్నాము. పదిమంది గుమాస్తాలు ఒకే తెరపై ఒకే చోట పొరపాటు పడితే, ఆ లోపం పదిమందిది కాదు, ఆ తెరది.

వ్యవస్థ వాడుకకు అనువైనదో కాదో తేల్చే శాస్త్రీయ పద్ధతులు లేకపోలేదు. పని జరిగే చోటికే వెళ్లి క్యూ, రద్దీ, చిల్లర, తెగిపోయే లైను నడుమ ఆ పనిని పరిశీలించడం మొదటిది. నమూనాను ఉద్యోగి చేతికిచ్చి, నిజమైన పని చేయించి, ఎక్కడ, ఎందుకు ఆగవలసి వస్తున్నదో వారి నోటనే వినడం రెండవది. లోపాలు సవరించి తిరిగి పరీక్షించడం మూడవది. సరఫరాదారు చల్లని గదిలో చూపే ప్రదర్శన గాని, అంతా ముగిశాక పంచే “సంతృప్తి” ప్రశ్నావళి గాని వీటికి సాటిరావు.

ఈ పద్ధతుల వికాసంలో కార్మికోద్యమానికీ వాటా ఉన్నది. 1970ల ఆరంభంలో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘం శాస్త్రజ్ఞుడు క్రిస్టెన్ నీగార్డ్‌తో కలిసి, కంప్యూటర్లు తమ పనిని ఎట్లా మారుస్తాయో స్వయంగా అధ్యయనం చేసింది. 1975లో అక్కడి కార్మిక, యాజమాన్య సమాఖ్యల ఒప్పందం కొత్త వ్యవస్థల గురించి ముందే తెలుసుకొనే హక్కును సంఘాలకు ఇచ్చింది. 1981-85 మధ్య నార్డిక్ ముద్రణ కార్మికుల సంఘం స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులతో యుటోపియా ప్రణాళికను నడిపింది. యంత్రం తయారుకాక ముందే అట్టలతో, చెక్కతో నమూనాలు చేసి, పత్రికల పుటలు కూర్చే కార్మికులే వాటిపై తమ పని చేసి చూశారు. అట్ట నమూనాను మార్చడానికి ఒక పూట చాలు. దేశమంతటా అమర్చిన వ్యవస్థను మార్చడానికి ఏళ్లు పడుతుంది. రూపకల్పన ఆద్యంతం వినియోగదారుల భాగస్వామ్యం ఉండాలని 2010 నాటి ఐ.ఎస్.ఓ. 9241-210 ప్రమాణం కూడా నిర్దేశించింది.

అయితే పరిశోధన పేరిట గడియారం పట్టి ఉద్యోగిని కొలిచే టేలర్ విధానాన్ని దొడ్డిదారిన తేవడాన్ని సహించము. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో పోత కార్మికులు సమ్మెకు దిగింది ఆ గడియారానికి వ్యతిరేకంగానే.

కనుక మేము కోరుతున్నది ఇది:

1. కొనుగోలుకు ముందే సంఘ ప్రతినిధుల సమక్షంలో, చిన్న స్టేషన్లలోనూ గ్రామీణ తపాలా కార్యాలయాలలోనూ పరీక్షలు జరగాలి.

2. పరీక్షలో గడిపిన కాలాన్ని డ్యూటీగా లెక్కించాలి.

3. పరీక్షలో నమోదైన పొరపాట్లను క్రమశిక్షణ చర్యలకు వాడరాదు.

4. ఫలితాలను ఉద్యోగులందరికీ వెల్లడించాలి.

1985లో న్యూఢిల్లీలో ఆరంభమైన కంప్యూటర్ రిజర్వేషన్ మొదలు నేటి గ్రామీణ డాక్ సేవకుని చేతి పరికరం వరకు, వ్యవస్థ తప్పులకు క్యూలోని ప్రజల ముందు జవాబు చెప్పవలసి వచ్చేది మనమే. జవాబు చెప్పేది మనమైనప్పుడు, ముందుగా మాట చెప్పే హక్కూ మనదే. ప్రతి శాఖా ఈ కోర్కెలను తన తదుపరి సమావేశంలో చర్చించి తీర్మానించాలి.