అంజనమూ, లై డిటెక్టరూ, ఒక తల్లీ

మనిషి కనిపించకుండా పోతే మన పల్లెల్లో అంజనం వేయిస్తారు. తమలపాకుకి కాటుక రాసి అందులోకి చూస్తూ "పడమటి దిక్కున ఉన్నాడు" అంటాడు మంత్రగాడు. చదువుకున్నవాళ్ళం నవ్వుకుంటాం. మరి దేశ రాజధానిలో ఏం చేశారు?

ఢిల్లీ జేఎన్‌యూలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న నజీబ్ అహ్మద్ 2016 అక్టోబర్ 15న హాస్టల్ నుంచి మాయమయ్యాడు. ముందు రాత్రి ఏబీవీపీకి చెందిన కొందరు విద్యార్థులతో గొడవ జరిగింది. మాయం కావడంలో వారి పాత్ర ఉందని రుజువు కాలేదు. వసంత్ కుంజ్ నార్త్ పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టారు. పోలీసుల వల్ల కాలేదు. 2017 మేలో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. పది లక్షల బహుమతి ప్రకటించినా ఆచూకీ లేదు.

అప్పుడు తొమ్మిదిమంది విద్యార్థులకి లై డిటెక్టర్ పరీక్ష చేస్తామన్నారు. వాళ్ళు ఒప్పుకోలేదు, 2018లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఆ యంత్రం కొలిచేది గుండె వేగం, ఊపిరి, చెమట. అబద్ధాన్ని కాదు. భయపడిన నిజాయితీపరుడికీ చెమట పడుతుంది. ఇష్టం లేనివారికి ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నా దృష్టిలో ఇది తీగలు తగిలించిన అంజనమే.

ఇక పుకార్లు. అతను ఐసిస్ గురించి ఇంటర్నెట్‌లో వెతికాడని 2017లో ఒక పత్రిక రాసింది. పోలీసులే కాదన్నారు. అయినా నమ్మదలచుకున్నవాళ్ళు నమ్మారు. "తెలియదు" అన్న మాట మనకి మింగుడు పడదు. ఆ ఖాళీలో ఎవరికి నచ్చిన కథ వాళ్ళు కూరుతారు.

తల్లి ఫాతిమా నఫీస్ మాత్రం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. ఆమె ఆశని పిచ్చి నమ్మకం అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టు చట్టం భావించవచ్చు. అది ఆస్తులకీ కాగితాలకీ సౌకర్యం, మరణానికి రుజువు కాదు. ఆమె అడిగింది దర్యాప్తు, సాక్ష్యం. ఈ వ్యవహారం మొత్తంలో హేతుబద్ధంగా మాట్లాడిన మనిషి ఆమే.

2025 జూన్ 30న ఢిల్లీ కోర్టు సీబీఐ ముగింపు నివేదికని ఆమోదించింది. కొత్త ఆధారం దొరికితే మళ్ళీ తెరవచ్చంది. ఫైలు మూసినంత మాత్రాన ప్రశ్నకి జవాబొచ్చినట్టు కాదు. జవాబు చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, గుర్తుచేస్తూ ఉండాల్సిన బాధ్యత మనది.