నష్టపోయినవానికి పన్ను ఏమిటి?



పొలము పనులు, పిల్లల చదువులు, అత్తాకోడళ్ల సఖ్యత, అప్పుల బాధలు - ఇలాంటి సంగతులు రాసే ఈ పేజీలో క్రిప్టో కరెన్సీ గురించి ఏమిటి అని కొందరు ఆశ్చర్యపడవచ్చు. అది పట్నములో ఆగిపోలేదు. సెల్‌ఫోన్ చేతికి వచ్చిన ప్రతి ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. అందుకే రాస్తున్నాము.

నాట్లు పడే రోజులవి. ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయినా ఒక పెద్దాయన మాత్రము చాప మీదనే కూర్చుని ఉన్నారు. రెండున్నర ఎకరముల రైతు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితము. మేము దగ్గరకు వెళ్లి, "ఏమి పెద్దయ్యా, ఒంట్లో బాగుందా?" అని అడిగాము.

"ఒళ్లు బాగానే ఉంది అయ్యగారూ. ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. నష్టపోయినవాడికి పన్ను ఏమిటండీ?"

సంగతి ఇది. ఆయన కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. చెల్లెలి పెళ్లి కోసము కూడబెట్టిన డబ్బు, తండ్రి గేదెలను అమ్మి పంపిన డబ్బు కలిపి క్రిప్టోలో పెట్టాడు. ఆ సంవత్సరములో ఒక కాయిన్ మీద రెండు లక్షలు లాభము వచ్చింది. మరొక దాని మీద మూడు లక్షలు పోయింది. మొత్తము మీద లక్ష రూపాయలు నష్టము. అయితే ఆడిటరు లెక్క వేసి, లాభము వచ్చిన రెండు లక్షల మీద 60,000 పన్ను, దాని మీద సెస్సు 2,400, మొత్తము 62,400 రూపాయలు కట్టాలన్నాడు. ఆ కాగితము అదే. లక్ష పోగొట్టుకున్న పిల్లవాడు అరవై రెండు వేలు ఎదురు కట్టాలి!

"వాడి స్నేహితులు లెక్కలో చూపించవద్దు, ఎవరికి తెలుస్తుంది అంటున్నారట. చూపించకపోతే పాపమా అయ్యగారూ?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. దానికి కారణము దాచకుండా చెబుతాము. అంతకు రెండేళ్ల క్రితము ఆ అబ్బాయి తన మొదటి లాభములో నుండి ఐదు వేల రూపాయలు కృతజ్ఞతార్పణ తెచ్చాడు. అది ఎలా వచ్చిందని మేము అడగలేదు. దేవుడు అతని చేతి పనిని ఆశీర్వదించాడని సంఘము ఎదుట ప్రకటించి ప్రార్థన చేశాము. అది విని మరో రెండు ఇళ్ల పిల్లలు కూడా అందులో డబ్బు పెట్టారు. ఆనాటి మా ప్రకటన ఇప్పుడు మా గొంతుకు అడ్డుపడింది. "వారము రోజులు ఆగండి పెద్దయ్యా, తెలుసుకుని చెబుతాము" అని ఆయనను పంపాము. తెలిసిన ఒక ఆడిటరుగారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నది మీకు కూడా చెబుతున్నాము.

చట్టములో ఉన్నది ఏమిటి?

2022 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారు బడ్జెట్‌లో ఈ పన్నును ప్రకటించారు. క్రిప్టో వంటివాటికి చట్టము పెట్టిన పేరు వర్చువల్ డిజిటల్ ఆస్తులు. ఆ ఏప్రిల్ 1 నుండి వాటి లాభము మీద 30 శాతము పన్ను, పైన సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసివేయనివ్వరు. తక్కువ ఆదాయము గలవారికి మామూలుగా ఉండే మినహాయింపు ఈ లాభమునకు దొరకదు. వేరే సంపాదన లేని పల్లెటూరి కుర్రవాడైనా 30 శాతమే కట్టాలి. ఒకదానిలో వచ్చిన నష్టమును మరొకదాని లాభములో నుండి తీసివేయకూడదు. జీతములో నుండి తీసివేయకూడదు. వచ్చే ఏటి లెక్కలోకి తీసుకువెళ్లకూడదు.

ఇది గాక 2022 జూలై 1 నుండి, ఏడాదికి ఒక చిన్న పరిమితి దాటితే, అమ్మిన మొత్తము మీద ఒక శాతము అక్కడికక్కడే పట్టుకుంటారు. దీనిని టీడీఎస్ అంటారు. ధాన్యము అమ్మినచోటే కోతలు కోసుకుని మిగిలింది చేతిలో పెట్టినట్లు. లాభమా నష్టమా అని చూడరు. అయితే ధాన్యపు కోత తిరిగి రాదు గాని, ఈ ఒక శాతమును కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు. ఎక్కువైతే రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందవచ్చు.

మిగతావాటితో పోల్చి చూడండి. 2024 జూలై 23 నుండి, స్టాక్ మార్కెట్‌లో షేర్లను ఏడాది లోపు అమ్మితే లాభము మీద 20 శాతము. ఏడాది దాటాక అమ్మితే 1,25,000 రూపాయలు మించిన లాభము మీద పన్నెండున్నర శాతము. షేర్లలో నష్టము వస్తే ఎనిమిదేళ్ల వరకు ముందు లెక్కలలోకి తీసుకువెళ్లవచ్చు. లాటరీ తగిలినవానికి మాత్రము 30 శాతము. అంటే చట్టము క్రిప్టోను షేర్ల పక్కన గాక లాటరీ పక్కన కూర్చోబెట్టింది.

రెండు పక్షముల మాట

పన్ను తగ్గించాలనే వారు ఇలా అంటారు: "ఇదీ ఒక పెట్టుబడే, షేర్లకు ఒక నీతి మాకు ఒక నీతి ఎందుకు? ఆ ఒక శాతము కోత వల్ల మాటిమాటికీ కొని అమ్మేవారి డబ్బు చిక్కుకుపోతోంది. అందుచేత వ్యాపారము విదేశీ ఎక్స్ఛేంజీలకు తరలిపోయింది. ప్రభుత్వమునకు పన్నూ పోయింది, ఆచూకీ పోయింది." ఆ ఒక శాతమును 0.01 శాతము చేయమని ఎక్స్ఛేంజీల వారు అడుగుతూ వచ్చారు. జర్మనీలో ఏడాదికి మించి ఉంచుకుని అమ్మిన సామాన్యునికి ఈ పన్ను లేదని, 55 శాతము వరకు పడే జపానులో దానిని 20 శాతమునకు తేవాలనే ప్రయత్నము జరిగిందని చూపుతారు.

తగ్గించవద్దనే వారు ఇలా అంటారు: "షేరు వెనుక ఒక కంపెనీ ఉంటుంది. ధాన్యము వెనుక పొలము ఉంటుంది. దీని వెనుక ఏమున్నది? మన తరువాత కొనేవాని ఆశ తప్ప మరేమీ లేదు." రిజర్వు బ్యాంకు మొదటి నుండి దీనిని వ్యతిరేకించింది. 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలు చేయరాదని ఆదేశించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశమును కొట్టివేసింది. అయినా 2022 ఫిబ్రవరిలో ఆనాటి గవర్నరు శ్రీ శక్తికాంత దాస్ గారు వీటికి తులిప్ పువ్వుకున్నపాటి విలువ కూడా లేదనే అర్థము వచ్చేలా హెచ్చరించారు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరకు ఎక్కిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల దరిదాపులకు పడిపోయింది. తరువాత మళ్లీ ఎక్కింది. అయితే పడినప్పుడు అమ్ముకోక తప్పనివారు మనవంటి వారే గదా. 2024 జూలైలో మన దేశములోని ఒక పెద్ద ఎక్స్ఛేంజి నుండి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టోను దొంగలు కంప్యూటర్ ద్వారా దోచుకున్నారు. ఇలాంటి దానికి పన్ను తగ్గించి చిన్నవారిని ఎందుకు రప్పించాలి అని వారి వాదన.

2023, 2024, 2025 బడ్జెట్‌లలో ప్రభుత్వము ఈ 30 శాతమును తగ్గించలేదు. పైగా 2025లో, సోదాలలో బయటపడే లెక్క చూపని ఆదాయములో క్రిప్టోను కూడా చేర్చింది.

మాకు తోచినది

ఈ వాదములో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పన్ను ఎంత అన్నది ఒకటి, ఏ తూకముతో అన్నది మరొకటి.

ఎంత అన్నదానిలో మంచివారు రెండు విధములుగా ఆలోచించవచ్చు. సబ్బు బిళ్ల కొన్న విధవరాలు కూడా జీఎస్టీ కడుతున్నది. ధర ఎక్కడము వల్ల వచ్చిన డబ్బులో మూడో వంతుకు తక్కువే ప్రభుత్వము తీసుకుంటే అది అన్యాయమని మేము అనలేము.

తూకము సంగతి వేరు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి వాడే వర్తకుని మన ఊళ్లలో ఏమంటామో మీకు తెలుసు. లాభమును లెక్కపెట్టి నష్టమును లెక్కపెట్టకపోవడము రెండు రాళ్ల తూకమే. పెద్దాయన ప్రశ్నలో న్యాయమున్నది. దొంగ నష్టములు చూపుతారని అధికారులకు భయముంటే, క్రిప్టో నష్టమును క్రిప్టో లాభములో నుండి మాత్రమే తీసివేయనివ్వవచ్చు. స్పెక్యులేషన్ వ్యాపారము చేసేవారికి మన ఆదాయపు పన్ను చట్టమే అలాంటి వీలు ఇచ్చింది. ఆ నష్టమును ఆ లాభములో నుండే తీసివేయాలి, నాలుగేళ్ల వరకు. అదే దారి ఇక్కడ కూడా తెరిస్తే చాలు. పైగా ఆ ఒక శాతము కోత పడిన అమ్మకముల ఆనవాలు ప్రభుత్వము దగ్గర ఉండనే ఉంది.

అయితే మరొక మాట ఇంతకన్న గట్టిగా చెప్పాలి. "ప్రభుత్వమే పన్ను తీసుకుంటున్నది, ఇక భయమేమిటి?" అని మన పిల్లలు అంటున్నారు. పన్ను తీసుకోవడము హామీ ఇవ్వడము కాదు. పన్ను వేసినంత మాత్రాన దీనిని చట్టబద్ధము చేసినట్లు కాదని ఆర్థిక మంత్రిగారే 2022 ఫిబ్రవరిలో రాజ్యసభలో స్పష్టము చేశారు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి బండిలోని సరుకును లెక్కపెట్టి సుంకము తీసుకున్నాడే గాని, ఆ బండి ఇరుసు గట్టిదో కాదో చూసి చెప్పడము అతని పని కాదు. రేపు పన్ను తగ్గితే, "సర్కారే తగ్గించింది, రండి" అంటూ మన వీధులలోకి వచ్చేవారు ఉంటారు. పన్ను తగ్గితే లాభము వచ్చినవానికి మేలు. పోయిన గేదెలను అది తిరిగి తోలుకురాదు.

కుటుంబములకు నాలుగు మాటలు

మొదటిది, పెళ్లి డబ్బు, ఫీజు డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు, పాసుపుస్తకము మీద తెచ్చిన డబ్బు ఇందులో పెట్టవద్దు. పూర్తిగా పోయినా ఇంట్లో పొయ్యి వెలిగేటంత మిగిలి ఉన్నవాడే దీని గురించి ఆలోచించాలి.

రెండవది, ఇప్పటికే పెట్టినవారు కొన్న తేదీ, కొన్న ధర, అమ్మిన తేదీ, అమ్మిన ధర ఒక నోటు పుస్తకములో రాసుకోండి. కొన్న ధరకు రుజువు లేకపోతే బాధ మరింత పెరుగుతుంది.

మూడవది, ఏ కాయిన్ పేరు చెప్పినా, నెలకు ఇంతని వడ్డీ ఇస్తామని, మరో ముగ్గురిని చేర్పించమని అడిగితే అది మోసము. దానికీ ఈ పన్ను వాదమునకూ సంబంధము లేదు. దండము పెట్టి పంపివేయండి.

నాల్గవది, చట్టము తప్పనిపిస్తే దాచుకోవడము దానికి మందు కాదు. మీ నియోజకవర్గపు ఎంపీగారికి ఒక పేజీ ఉత్తరము రాయండి. లాభము ఎంత, నష్టము ఎంత, కట్టిన పన్ను ఎంత అని మీ లెక్కనే రాయండి. కట్టినవాని ఉత్తరమునకు ఉన్న బలము దాచుకున్నవాని ఫిర్యాదుకు ఉండదు.

వారము తిరిగాక పెద్దాయనకు ఇదే చెప్పాము. "ఆ ఒక శాతము కోతతో పాటు మీవాడి పాన్ నంబరు ఇప్పటికే వారి దగ్గరకు చేరింది పెద్దయ్యా. చేరకపోయినా దాచమని మేము చెప్పము. కట్టించండి." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆపైన "కడతాడు లెండి. పిల్ల పెళ్లి కోతల తరువాతకు జరుపుకుంటాము" అని లేచారు. ఆ మాట తేలికగా అన్నది కాదని ఆయన ముఖము చూస్తేనే తెలిసింది.

తరువాతి నెల ఆ అబ్బాయి వచ్చి సంఘము ఎదుట తన నష్టము సంగతి చెప్పాడు. చెప్పమని మేము బలవంతము చేయలేదు. అతడు కూర్చున్నాక మేము లేచి మా తప్పు ఒప్పుకున్నాము. చట్టము లాభమునే లెక్కపెట్టి నష్టమును విడిచిపెట్టిందని బాధపడ్డాము గదా, మేము చేసినదీ అదే. వచ్చిన లాభమును పిలిచి ప్రకటించాము. పోయిన డబ్బుతో కుమిలిపోతున్నవాని ఇంటికి వెళ్లి అడగలేదు. మిగతా ఇద్దరు పిల్లలలో ఒకడు ఆ వారమే డబ్బు వెనక్కు తీసుకున్నాడు. రెండవవాడు ఇంకా అందులోనే ఉన్నాడు. అతని కోసము, అతని తల్లి కోసము ప్రార్థిస్తున్నాము.

ఇకమీదట మా సంఘములో ఎవరైనా లాభమునకు కృతజ్ఞతార్పణ తెస్తే, అది ఎలా వచ్చిందని ముందు ప్రేమతో అడుగుతాము. నష్టము వచ్చినవాడు కూడా సిగ్గు లేకుండా వచ్చి కూర్చోగలిగే చాప ఒకటి పరచి ఉంచుతాము. ప్రియ పాఠకులారా, మీ ఇంటిలో కూడా అలాంటి చాప ఒకటి పరచండి. ఈ రాత్రి భోజనము దగ్గర మీ పిల్లలను ఎంత సంపాదించావని గాక, ఏమైనా పోగొట్టుకున్నావా నాయనా అని అడగండి.

ప్రభువు మీ ఇళ్లను కాపాడును గాక.