చిప్ రాకముందే సాఫ్ట్‌వేర్: దేశీయ ప్రాసెసర్లకు ఎమ్యులేటర్ చెప్పే పాఠం

2025 అక్టోబరులో ఉబుంటు 25.10 విడుదలైంది. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల కోసం ఇచ్చిన వెర్షన్‌కు దాని తయారీదారులు ఒక గట్టి షరతు పెట్టారు. ఆర్‌వీఏ23 అనే కొత్త ప్రమాణాన్ని పాటించే ప్రాసెసర్ల మీద మాత్రమే అది నడుస్తుంది. ఆ ప్రమాణం ఖరారై అప్పటికి ఏడాదే అయింది. దాన్ని అందుకునే బోర్డు మామూలు కొనుగోలుదారుకు మార్కెట్లో దొరికే పరిస్థితి అప్పట్లో లేదు. అంటే యంత్రం రాకముందే దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చేసింది.

అయినా దాన్ని మొదటి రోజే నడిపి చూడటానికి వీలైంది. అందుకు కారణం క్యూఎమ్యూ. ఫ్రాన్స్‌కు చెందిన ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెలార్డ్ 2003లో విడుదల చేసిన ఉచిత, ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఇది. లేని ప్రాసెసర్‌ను ఉన్న కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించి చూపడం దీని పని. సొంత చిప్‌ల గురించి గట్టిగా మాట్లాడుతున్న భారత్‌కు ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

లోపల జరిగేది ఏమిటి?

ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ తనదైన ఆదేశాల భాష ఉంటుంది. ఇంటెల్ చిప్‌కు రిస్క్-ఫైవ్ ఆదేశాలు అర్థం కావు. క్యూఎమ్యూ ఈ రెండింటి మధ్య దుబాసీ. ఒక్కో ఆదేశాన్నీ విడిగా అనువదిస్తూ పోతే పని నత్తనడకన సాగుతుంది. అందుకే వరుసగా వచ్చే కొన్ని ఆదేశాలను ఒక ముక్కగా తీసుకుని, ఇంటెల్ భాషలోకి మార్చి దాచుకుంటుంది. అదే ముక్క మళ్లీ ఎదురైతే కొత్తగా అనువదించదు, దాచుకున్నదాన్నే వాడేస్తుంది.

ప్రాసెసర్ ఒక్కటే సరిపోదు. మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ కార్డు, గడియారం, సీరియల్ పోర్టు... అన్నింటినీ అది నటించి చూపాలి. అప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్ తాను నిజమైన యంత్రం మీదే ఉన్నాననుకుని పని మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇంటెల్ కంప్యూటర్‌లో ఇంటెల్ కోసం చేసిన లైనక్స్‌నే నడిపితే అనువాదం అక్కర్లేదు. 2007లో లైనక్స్‌లో చేరిన కేవీఎం సాయంతో ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి, వేగం దాదాపు తగ్గదు. క్లౌడ్ సర్వర్లలో విస్తృతంగా వాడేది ఈ పద్ధతే. వేరే కుటుంబం ప్రాసెసర్‌ను నటించాల్సి వచ్చినప్పుడు మాత్రం అనువాదం తప్పదు, వేగం చాలా పడిపోతుంది.

నెమ్మదే అయినా దాని విలువ వేరు. వరంగల్‌లోనో విజయవాడలోనో చదివే ఇంజనీరింగ్ విద్యార్థి తన మామూలు ల్యాప్‌టాప్‌లోనే ‘విర్ట్’ అనే నమూనా యంత్రాన్ని ఎంచుకుని, దానికి 2 జీబీ మెమరీ ఇచ్చి, రిస్క్-ఫైవ్‌కు 2025 ఆగస్టులో తొలిసారి అధికారిక మద్దతునిచ్చిన డెబియన్ 13ను నడపవచ్చు. కెర్నల్‌ను చెడగొట్టినా పోయేదేమీ లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. డీబగ్గర్ తగిలించి మొట్టమొదటి ఆదేశం దగ్గరే యంత్రాన్ని ఆపి, రిజిస్టర్లలో ఏముందో చూడవచ్చు. అసలు బోర్డు మీద అయితే సీరియల్ పోర్టు మేల్కొనక ముందే కెర్నల్ కుప్పకూలితే తెర మీద ఒక్క అక్షరం కూడా కనిపించదు.

చిప్ తర్వాత ఏమిటి?

2021లో కేంద్రం రూ.76,000 కోట్లతో సెమీకండక్టర్ కార్యక్రమాన్ని ప్రకటించింది. 2022 ఏప్రిల్‌లో రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల కోసం డిఐఆర్-వీ కార్యక్రమం మొదలైంది. ఐఐటీ మద్రాస్ ‘శక్తి’, సీడాక్ ‘వేగ’ కుటుంబాలు అంతకుముందే ఉన్నాయి. 2025 సెప్టెంబరులో అంతరిక్ష ప్రయోగాల కోసం రూపొందించిన ‘విక్రమ్’ చిప్‌ను ప్రధానికి అందజేశారు. ప్రతిసారీ వార్త చిప్ దగ్గరే ఆగిపోతోంది. దాని మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది, డ్రైవర్లు ఎవరు రాస్తారు, బయటి ప్రోగ్రామర్ దాన్ని ఎలా పరీక్షించాలి అన్న ప్రశ్నలు వెనకబడిపోతున్నాయి.

ఆర్మ్ కంపెనీ అనుభవం ఇందుకు భిన్నం. 64 బిట్ నిర్మాణాన్ని అది 2011లో ప్రకటించింది. లైనక్స్ కెర్నల్‌లో దానికి మద్దతు 2012 డిసెంబరులోనే వచ్చింది. ఆ ప్రాసెసర్‌తో తొలి ఐఫోన్ జనం చేతికి వచ్చింది 2013లో. చిప్‌ల కంటే ముందే సాఫ్ట్‌వేర్ నమూనాల మీద ప్రోగ్రామర్లు పని చేయడం వల్లే అది సాధ్యమైంది.

భారత్ ఈ దారిలో అసలు అడుగే వేయలేదనడం సరికాదు. శక్తి ‘సి’ తరగతి ప్రాసెసర్ నమూనా 2021లోనే క్యూఎమ్యూలో చేరింది. కానీ అందులో ఉన్నవి ఒక కోర్, టైమర్, ఇంటరప్ట్ కంట్రోలర్, ఒక సీరియల్ పోర్టు. చిన్న ప్రోగ్రాములు పరీక్షించుకోవడానికి అవి చాలు. డిస్క్, నెట్‌వర్క్ లేని యంత్రం మీద పూర్తి స్థాయి సర్వర్‌నో డెస్క్‌టాప్‌నో సిద్ధం చేయడం కుదరదు.

రిస్క్-ఫైవ్ ప్రమాణం అందరిదీ కాబట్టి ‘విర్ట్’ యంత్రం చాలదా అని అడగవచ్చు. అప్లికేషన్లకు చాలు. బూట్ ఫర్మ్‌వేర్, డ్రైవర్లు రాసేవారికి మాత్రం ఆ చిప్‌కే సొంతమైన నమూనా కావాలి.

హద్దులూ ఉన్నాయి

ఎమ్యులేటర్‌లో నడిచిందంతా చిప్ మీదా నడుస్తుందనుకుంటే పొరపాటు. క్యూఎమ్యూ ఆదేశాల ఫలితాన్ని అనుకరిస్తుంది తప్ప, అసలు చిప్‌లో వాటికి పట్టే సమయాన్ని కాదు. వేడి, విద్యుత్ వినియోగం, సిలికాన్‌లో దొర్లే లోపాలు అందులో కనిపించవు. చిప్ ఎంత వేగవంతమైనదో దాన్ని బట్టి తేల్చలేం. చివరి పరీక్ష ఎప్పుడూ అసలు బోర్డు మీదే. కాకపోతే బోర్డు వచ్చేనాటికి మిగిలేది ఆ చివరి పరీక్ష మాత్రమే కావాలి, మొత్తం పని కాదు.

ఫ్యాబ్‌కు వేల కోట్లు కావాలి, ఏళ్లు పడుతుంది. ఒక చిప్‌కు పూర్తి ఎమ్యులేటర్ నమూనా రాసి, దాన్ని క్యూఎమ్యూలో చేర్చి, ఏటేటా సరిచూసుకునేందుకు కావాల్సింది నిపుణులైన కొద్దిమంది ఇంజనీర్లు, వారికి స్థిరమైన జీతాలు. ప్రజాధనంతో రూపొందే ప్రతి ప్రాసెసర్‌కూ ఆ నమూనాను ముందే విడుదల చేయాలన్న షరతు పెడితే చాలు. అది లేకపోతే చిప్ ఆవిష్కరణ వేదిక మీద మెరుస్తుంది, ఆ తర్వాత దాని కోసం ప్రోగ్రామ్ రాసేవారు ఉండరు.