గుర్రపుడెక్కయు మన బాధ్యతయు

డెల్టా సీమలో అనేకమగు కాలువల వంతెనలపై నిలిచి చూచినచో, నీటికి బదులు పచ్చని తివాచీయు, దానిపై ఊదారంగు పూలును కానవచ్చును. బాటసారికి అది కన్నుల పండువుగనే యుండును. కాని కాలువ శివారున నీటికై కాచుకొనియున్న రైతు నడిగినచో ఆ తివాచీ వెల యెంతయో చెప్పగలడు. ఆకు గుర్రపు గిట్టను బోలి యుండుటచే మనవారు దీనికి గుర్రపుడెక్క యని పేరిడిరి.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతము. పూవు సొగసునకు మురిసి మనుజులే దీనిని దేశదేశములకు గొనిపోయిరి. 19వ శతాబ్దాంతమున వంగదేశమును చేరిన యీ మొక్క అచటి జలమార్గములను, వరిపొలములను ఎంతగా నాక్రమించెననగా, 1936లో దానిని తొలగించుటకై ప్రత్యేక శాసనమే చేయవలసి వచ్చెను. క్రీస్తు చెప్పిన యుపమానములో గురుగులను శత్రువు రాత్రివేళ విత్తెను. మన గురుగులను పట్టపగలు మనమే విత్తుకొంటిమి.

ఈ మొక్క ప్రక్కలకు తీగలు చాచి పిల్లమొక్కలను పుట్టించును. అనుకూలకాలమున సుమారు రెండు వారములలో రెట్టింపగును. విద్యార్థులారా, లెక్క గట్టి చూడుడు: ఒక్క మొక్క పదిమారులు రెట్టింపైనచో 1024 మొక్కలగును, అందులకు పట్టునది ఇరువది వారములే. దీని విత్తులు అడుగు బురదలో అనేక సంవత్సరములు చావక యుండును. స్వదేశమున దీనిని తిని అదుపులో నుంచు పురుగులు గలవు. ఇచట అట్టివి లేకపోయెను. దట్టముగా నల్లుకొన్న ఆకుల క్రిందికి సూర్యకాంతి సోకదు. నీటిలోని సహజమైన మొక్కలు నశించును. ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. ప్రవాహము మందగించి దోమలు పెరుగును. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరిన కొల్లేరునకు సైతము ఈ బాధ తప్పలేదు.

పరదేశపు మొక్కలన్నియు చెడ్డవని మేము చెప్పుట లేదు. మిరపయు, వేరుసెనగయు, జామయు అమెరికా ఖండమునుండి వచ్చినవే. మిరప లేని ఆంధ్రుని భోజనమును ఊహింపగలమా? అవి మన పొలములలో మన అదుపున నున్నవి. గుర్రపుడెక్కయో, మన చేయి దాటి పోయినది. భేద మంతయు ఇందే కలదు.

దీనిని తీయించుట ప్రభుత్వపు పని యని కొందరందురు. యంత్రములు వచ్చినవి. 1980వ దశకమున దీని స్వదేశమునకు చెందిన ముక్కుపురుగులను పరీక్షించి మన దేశమున విడువగా, బెంగుళూరు పరిసరములలోని కొన్ని చెరువులలో మంచి ఫలము కలిగెను. ఇవన్నియు కావలసినవే. అయినను ఒక మాట మరువరాదు. ఊరి మురుగునీటిలోను, పొలములనుండి జారివచ్చు ఎరువులలోను నుండు నత్రజని, భాస్వరములే దీనికి ఆహారము. ఒక చేత పెరుకుచు మరియొక చేత మేపుచున్న యెడల ఈ పని యెన్నడు ముగియును? మురుగును శుద్ధిచేయక కాలువలోనికి విడుచు ఊరికి, గుర్రపుడెక్కను నిందించు హక్కు లేదని మా యభిప్రాయము.

ఏటికొకమారు శ్రమదానము చేసి, ఛాయాచిత్రము తీయించుకొని యింటికి పోవుట చాలదు. పూచి విత్తు కట్టకముందే మొక్కను తీయవలెను. తీసినదానిని గట్టుననే విడిచినచో వానకు మరల నీట చేరును గనుక, దూరముగా ఎండబెట్టియో, కంపోస్టు ఎరువుగా మార్చియో వేయవలెను. ఇంట తొట్లలో అలంకారమునకై పెంచిన నీటిమొక్కలను చెరువులలో పారవేయరాదు. ప్రతి పాఠశాలయు తన యెదుటి కాలువలో కొంత భాగమును తనదిగా నెంచి, ఏడాది పొడవున కనిపెట్టి యుండినచో ఎంత మేలగును! దేవుడు ఏదెను తోటను మనుజుని కొప్పగించినది అనుభవించుటకు మాత్రమే కాదు, కాపాడుటకును గదా.