ఆగ నేర్చిన మగ్గము

స్వదేశిని గూర్చి మనదేశమున ఉపన్యాసములకు కొదువ లేదు. స్వదేశి వస్తువు పరదేశి వస్తువుకన్న మేలైనదిగా నుండవలెనను మాట మాత్రము అరుదుగా వినబడుచుండును. దేశాభిమానముచే కొనువాడు ఒకసారి కొనును. మరల కొనిపించునది వస్తువుయొక్క గుణమే.

జపానుదేశమున 1867లో ఒక వడ్రంగి యింట జన్మించిన సకిచి టొయోడా ఈ సత్యమును మగ్గముతో నిరూపించెను. చేమగ్గములయొద్ద స్త్రీలు పడు శ్రమను చూచి, 1890లో కొయ్యమగ్గమును సంస్కరించెను. అంతటితో తృప్తి చెందలేదు. పోగు తెగిన పిమ్మటను మగ్గము ఆడుచున్నచో గుడ్డ చెడును, నూలు వృథాయగును. కావున పోగు తెగినతోడనే తనంతట తానాగు మగ్గమును కల్పించెను. దోషము పుట్టినచోటనే పట్టువడుటచే ప్రతి మగ్గమునకు ఒక కాపరి అక్కరలేకపోయెను; ఒక్కరే పెక్కు మగ్గములను నడపగలిగిరి. నాసి నూలుతో మగ్గమును పరీక్షించుట వ్యర్థమని తలచి, నూలుమిల్లును సైతము తానే నెలకొల్పెను.

1924లో, పని యాగకుండగనే నాడెను మార్చుకొను మగ్గము సిద్ధమయ్యెను. 1929లో లాంకషైరునందలి ఓల్డ్‌హాం పట్టణపు యంత్రనిర్మాతలగు ప్లాట్ బ్రదర్సువారు దాని పేటెంటు హక్కులకై లక్ష పౌనులిచ్చుటకు ఒడంబడిరి. లాంకషైరు గుడ్డను 1905లోను 1921లోను మంటలలో వైచిన దేశము మనది. ఆ లాంకషైరే ఒక ఆసియావాసి విద్యను వెలయిచ్చి కోరవచ్చెను. ఇందు మనము నేర్వవలసినది లేదా?

ఆయన కుమారుడు కీచిరో పూనికచే 1937లో వెలసిన టొయోటా మోటారు కంపెనీయందును ఈ సూత్రమే నాటుకొనెను: లోపమును కనిన పనివాడు వరుసనంతను ఆపవచ్చును. ఈ విద్య మనకు అందనిది కాదు. గుణనిర్వహణకై జపానువారు 1951 నుండి యొసగుచున్న డెమింగు బహుమానమును 1998లో చెన్నపట్టణపు సుందరం క్లేటన్ సంస్థ గెలుచుకొనెను.

అయినను, దోషమును చూపిన పనివానిని పని చెరచినవానిగా నెంచు కర్మాగారములు మనయందు లేకపోలేదు. నాటి లెక్క పూర్తికావలెనను తొందరలో అచట లోపము పెట్టెకెక్కి కొనువాని యిల్లు చేరును. గుణమునకు ఖర్చగునని చిన్న పరిశ్రమలవారు వాపోవుదురు. చెడిన సరకునకు పట్టిన ముడిపదార్థము, కూలి, పోయిన ఖాతాదారు - వీనిని కూడ లెక్కలో వ్రాసి చూచుకొనవలెనని మా మనవి.

క్రొత్త వస్తువును కల్పించుటకు యజమానునికి సాహసము వలయును. దానిని నానాటికి మెరుగుపరచుటకు పనివాని కన్ను వలయును. ఆ కన్ను చూచినదానిని నిర్భయముగ పలుకుటకు అవకాశము కల్పించుట యజమానుల ప్రథమ ధర్మము.